ఎగ్జిబిషన్‌కు వెళ్తున్నారా? ముందు మీ బోరు నీళ్లు పరీక్షించండి!

శ్లాబు పడింది. ప్లాస్టరింగ్ అయిపోయింది. ఇక టైల్స్, కుళాయిలు, గీజర్, కమోడ్, వంటగది అల్మారాలు ఎంచుకోవాలి. పుల్లలచెరువులో ఇల్లు కట్టుకుంటున్న ఓ కుటుంబం ఈ పని మీదే హైదరాబాద్ హైటెక్స్‌లో జరిగే గృహనిర్మాణ ఎగ్జిబిషన్‌కు బయల్దేరిందనుకుందాం. భర్త కళ్లు టచ్ స్క్రీన్ చిమ్నీ మీద. భార్య చూపు వానజల్లులా నీళ్లు కురిసే షవర్ మీద. మోకాళ్ల నొప్పులతో నెమ్మదిగా వెనక నడుస్తున్న పెద్దావిడ మాత్రం ఒకటే మాట అంటోంది... ‘‘అవన్నీ సరేలే అబ్బాయా, బాత్రూంలో కూర్చుంటే నేను లేచే దారి చూడు ముందు!’’

ఆ స్టాళ్లన్నింటిలో వినిపించే మాటల కన్నా ఈ పెద్దావిడ మాటే ఎక్కువ విలువైనది. ఎందుకంటే ఎగ్జిబిషన్‌లో పెట్టిన వస్తువులు అందరి కోసం తయారైనవి. మన ఇంటి నీళ్లు, మన ఇంట్లో మనుషుల మోకాళ్లు మాత్రం మనవే. ముఖ్యంగా పశ్చిమ ప్రకాశంలో ఇల్లు కట్టుకునేవారు వస్తువు కన్నా ముందు నీళ్ల సంగతి తేల్చుకోవాలి. అది తేలితే వంటగదిలో, బాత్రూంలో ఏం కొనాలో, ఏం కొనకూడదో సగానికి పైగా తేలిపోయినట్టే.

ఎనభై ఏళ్లు దాటిన కథే

మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బు మొట్టమొదట వైద్య లోకం దృష్టికి వచ్చింది ఈ నేల మీదే. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేవి. దుక్కిటెద్దులు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడాన్ని రైతులు గమనించారు. మనుషుల్లోనూ అదే ఇబ్బంది కనిపించింది. దీని గురించి షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు 1937లో ‘ఇండియన్ మెడికల్ గెజిట్’లో రాశారు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు ఈ ప్రాంతాలు, కర్నూలు నుంచి వచ్చిన మార్కాపురం, గిద్దలూరు ఒకే జిల్లాలోకి చేరాయి. భూగర్భంలోని రాళ్లలో ఉండే ఫ్లోరైడ్ నీటిలో కరిగి బోర్లలోకి వస్తుంది. శ్రీశైలం నుంచి సొరంగాల ద్వారా కృష్ణా నీటిని తెచ్చే వెలిగొండ ప్రాజెక్టు కోసం ఈ ప్రాంతం అంతగా ఎదురుచూడటానికి ఒక కారణం ఇదే.

మన దేశ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే దారి లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు ఒప్పుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత కూడా 1.5 దగ్గరే. అది దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పిల్లల్లో పళ్ల మీద తెల్లటి, ఆపై గోధుమ రంగు మచ్చలు వస్తాయి. శాశ్వత దంతాలు చిగురు లోపల తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు, పిల్లలు తాగిన నీళ్లే దీనికి కారణం. ఒకసారి వచ్చిన మచ్చ తోముకుంటే పోదు. మోతాదు ఇంకా ఎక్కువైతే పెద్దవాళ్లలో ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయి. నడుం వంగదు, మెడ తిరగదు. ఫ్లోరోసిస్‌ను నయం చేసే మందు లేదు. రాకుండా చూసుకోవడమే మార్గం.

అన్ని మోకాళ్ల నొప్పులకూ ఫ్లోరైడే కారణం కాదు. వయసు, బరువు, పాత దెబ్బలు కూడా కారణం కావచ్చు. అది డాక్టరు తేల్చాలి. కానీ నీటి సంగతి మాత్రం మనమే ముందుగా తేల్చుకోవచ్చు.

ఎక్కడ పరీక్షించాలి?

పక్కింటి బోరు రిపోర్టు మన బోరుకు పనికిరాదు. లోతు మారితే, రాయి మారితే నీటి గుణం మారిపోతుంది. కాబట్టి మీ బోరు నీటినే పరీక్షించాలి. గ్రామీణ నీటి సరఫరా విభాగం (ఆర్‌డబ్ల్యూఎస్) నీటి పరీక్షా కేంద్రాల్లో తక్కువ ఖర్చుతో ఈ పని అవుతుంది. జలజీవన్ మిషన్ కింద గ్రామాలకు ఇచ్చిన ఫీల్డ్ టెస్ట్ కిట్లతో ఫ్లోరైడ్ ఉన్నదీ లేనిదీ ప్రాథమికంగా తెలుసుకోవచ్చు. గ్రామ సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంట్‌ను అడిగితే దారి చెబుతారు.

మోటారు ఐదు నిమిషాలు నడిచాక, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో రెండు మూడుసార్లు తొలిపి, నిండా పట్టండి. రిపోర్టులో నాలుగు అంకెలు చూడండి. ఫ్లోరైడ్ గురించి పైన చెప్పుకొన్నాం. నీటి కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు మంచిది, 600 దాటకూడదు. నీటిలో కరిగిన మొత్తం లవణాలు, అంటే టీడీఎస్, 500 లోపు మంచిది, 2,000 దాటకూడదు. నైట్రేట్ 45 దాటకూడదు. పాలడబ్బా మీద పెరిగే పసిపిల్లలు ఉన్న ఇంట్లో నైట్రేట్ మరీ ముఖ్యం. ఆ కాగితాన్ని ఫోనులో ఫొటో తీసుకుని ఎగ్జిబిషన్‌కు వెళ్లండి.

స్టాలులో జరిగే రెండు మాయలు

వాటర్ ప్యూరిఫయర్ల స్టాలులో మొదట కనిపించేది పెన్నులాంటి టీడీఎస్ మీటరు. ‘‘చూడండి మేడం, మీ నీళ్లు 900, మా నీళ్లు 60’’ అంటారు. ఆ పెన్ను నీటిలో కరెంటు ఎంత సాఫీగా పారుతుందో చూసి లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుంది. అందులో ఫ్లోరైడ్ ఎంతో దానికి తెలియదు. 400 టీడీఎస్ ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ ఉండొచ్చు. 900 ఉన్న నీళ్లలో హద్దు లోపే ఉండొచ్చు.

రెండో మాయ ఇంకా భయపెడుతుంది. రెండు గ్లాసుల్లో లోహపు కడ్డీలు పెట్టి కరెంటు ఇస్తారు. మన నీళ్లు గోధుమ రంగులోకి మారి మడ్డి తేలుతుంది. వాళ్ల ఆర్‌ఓ నీళ్లు తేటగా ఉంటాయి. ‘‘ఇదీ మీరు రోజూ తాగుతున్న విషం’’ అంటారు. నిజానికి ఆ మడ్డి చాలావరకు నీటిలోది కాదు, కడ్డీలోని ఇనుము తుప్పుపట్టి దిగింది. లవణాలున్న నీటిలో కరెంటు పారుతుంది కాబట్టి కడ్డీ కరుగుతుంది. ఆర్‌ఓ నీటిలో లవణాలు తక్కువ కాబట్టి కరగదు. అనుమానం ఉంటే వాళ్ల ఆర్‌ఓ గ్లాసులోనే చిటికెడు ఉప్పు వేసి మళ్లీ పెట్టమనండి. అది కూడా రంగు మారుతుంది!

ఫ్లోరైడ్‌కు ఏది పనిచేస్తుంది?

యూవీ మిషన్ క్రిములను చంపుతుంది, ఫ్లోరైడ్‌ను తీయదు. యూఎఫ్ మడ్డిని, క్రిములను ఆపుతుంది, ఫ్లోరైడ్‌ను ఆపదు. మామూలు క్యాండిల్ ఫిల్టర్, రాగి బిందె, ఆల్కలైన్ కాట్రిడ్జ్ ఏవీ ఈ పని చేయవు. కాచి చల్లార్చితే నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకాస్త చిక్కబడుతుందే గానీ పోదు. స్నానాల కోసం అమ్మే సాఫ్ట్‌నర్ కఠినత్వాన్ని తగ్గిస్తుంది. ఫ్లోరైడ్ అలాగే ఉంటుంది. పైగా ఆ నీటిలో సోడియం పెరుగుతుంది కాబట్టి తాగడానికి, ముఖ్యంగా బీపీ ఉన్నవారికి మంచిది కాదు.

ఇంట్లో పనిచేసేవి ప్రధానంగా రెండు. ఒకటి ఆర్‌ఓ. రెండోది యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టర్. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను పేరబెట్టి తీసే ‘నల్గొండ పద్ధతి’ని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. అది శిక్షణ పొందినవారు మోతాదు చూసి చేయాల్సిన పని. అల్యూమినా ఫిల్టర్‌కు కొంతకాలానికి శక్తి తగ్గుతుంది, తిరిగి శుద్ధి చేయించాలి.

ఆర్‌ఓ కొంటే మూడు సంగతులు అడగండి.

మొదటిది, ‘టీడీఎస్ కంట్రోలర్’. నీటికి రుచి రావడానికి ఆర్‌ఓ పొర దాటని నీటిని కొంత తిరిగి కలిపే చిన్న మర అది. మీ బోరులో ఫ్లోరైడ్ లీటరుకు 3 మిల్లీగ్రాములు ఉండి, ఆ మర మూడోవంతు పచ్చినీటిని కలిపితే, 1 మిల్లీగ్రాము గ్లాసులోకి వెనక్కి వచ్చినట్టే. మన ప్రాంతంలో దాన్ని పూర్తిగా మూసేయించాలి. లవణాలు కావాలంటే విడిగా మినరల్ కాట్రిడ్జ్ ఉన్నది చూసుకోవచ్చు.

రెండోది, వంట నీళ్లు. చాలామంది తాగడానికే ఆర్‌ఓ వాడి, అన్నం, పప్పు, సాంబారు బోరు నీళ్లతో వండుతారు. ఫ్లోరైడ్ ఆ దారిన లోపలికి వెళ్తుంది. ఐదుగురున్న ఇంట్లో తాగడానికి, వంటకు కలిపి రోజుకు సుమారు 25 నుంచి 30 లీటర్లు కావాలి. అంత ఇచ్చే మిషన్ తీసుకోండి. స్టవ్వుకు దగ్గరగా, చేయి చాస్తే అందేలా పెట్టించండి. దూరంగా ఉంటే హడావుడిలో మామూలు కుళాయే తిప్పుతాం.

మూడోది, వృథా నీరు. ఇంట్లో వాడే ఆర్‌ఓలు సాధారణంగా ఒక లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు బయటికి వదిలేస్తాయి. ఎండాకాలంలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. ఆ నీటిలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కగా ఉంటుంది కాబట్టి పశువులకు పెట్టకూడదు, వంటకు వాడకూడదు. టాయిలెట్ ఫ్లష్‌కు, నేల కడగడానికి చక్కగా సరిపోతుంది. గోడలు మూసేముందే ప్లంబర్‌తో ఆ పైపును బాత్రూం ట్యాంకుకు కలిపించండి. టైల్స్ పడ్డాక ఇది కాని పని.

మిషన్ పెట్టాక కథ అయిపోదు. పొర పాతబడితే ఫ్లోరైడ్ జారిపోతుంది. ఆరు నెలలకోసారి మిషన్ నుంచి వచ్చే నీటిని కూడా పరీక్ష చేయించండి. బయట కొనే 20 లీటర్ల టిన్ను నీళ్లకూ ఇదే సూత్రం. తేటగా, తియ్యగా ఉన్నంత మాత్రాన సరైనవని కాదు.

ఏ స్టాలులోనూ కనిపించని వస్తువు

వాననీటిలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. 1,000 చదరపు అడుగుల డాబా మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 9,000 లీటర్లు. కొంత పోయినా 7,000 లీటర్లు పట్టుకోవచ్చు. 5,000 లీటర్ల మూత ఉన్న సంపు నిండితే, తాగడానికి, వంటకు రోజుకు 25 లీటర్ల చొప్పున 200 రోజులు వస్తుంది. డాబా శుభ్రంగా ఉంచడం, తొలి జల్లు నీటిని బయటికి వదిలే ఏర్పాటు, ఇసుక-కంకర వడపోత, దోమలు దూరకుండా జాలీ ఉంటే చాలు. ఈ నీటిలో భయం క్రిముల గురించే కాబట్టి కాచుకోవాలి, లేదా ఇక్కడ యూవీ మిషన్ సరిగ్గా సరిపోతుంది. ఇల్లు కట్టేటప్పుడే సంపు తవ్విస్తే ఖర్చూ తక్కువ, గొడవా తక్కువ.

బాత్రూం: మెరుపు కన్నా పట్టు ముఖ్యం

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ప్రమాదవశాత్తూ గాయపడి చనిపోయేవారిలో, రోడ్డు ప్రమాదాల తర్వాత ఎక్కువ మంది కింద పడి చనిపోతున్నవారే. పెద్దవయసులో తడి బాత్రూంలో జారితే తుంటి ఎముక విరగడం, మంచాన పడటం మనకు తెలిసిన కథే.

టైల్స్ స్టాలులో ‘యాంటీ స్కిడ్’ అన్న మాట వినగానే ఆగకండి. దానికి కొలత ఉంది. ఆర్‌9 నుంచి ఆర్‌13 దాకా. ఆర్‌9 అన్నింటికన్నా తక్కువ పట్టు. బాత్రూం నేలకు ఆర్‌10 లేదా ఆర్‌11 అడగండి. మరీ గరుకుదైతే మురికి పట్టి తోమలేక అవస్థ. నమూనా పలక మీద కాసిని నీళ్లు పోయించి, చెప్పులు విప్పి నిలబడి చూడండి. స్టాలు కుర్రాడు నవ్వినా ఫరవాలేదు!

దూరం వెళ్లకుండానే మన దగ్గర ఉన్న సరుకు మార్కాపురం పలకరాయి. పాలిష్ పెట్టని పలకకు పైన సహజంగా ఉండే గరుకుతనం కాలికి పట్టునిస్తుంది. కాకపోతే పొరలు లేవని రాయి ఎంచుకోవాలి, నీరు పీల్చకుండా సీలర్ పూయించాలి, సబ్బు జిడ్డు పేరుకోకుండా కడగాలి.

కీళ్ల నొప్పులున్నవారికి ఇండియన్ టాయిలెట్ నరకం. ఒక్క బాత్రూంలోనైనా కుర్చీలా కూర్చునే కమోడ్ ఉండాలి. స్టాలులో పెద్దవాళ్లను దాని మీద కూర్చోబెట్టి చూడండి. పాదాలు నేలకు ఆనాలి, లేచేటప్పుడు ముందుకు పడిపోకూడదు. పక్క గోడకు పట్టుకునే కడ్డీ ఎక్కడ ఉండాలో వాళ్ల చెయ్యే చెబుతుంది. కూర్చుని చేయి సహజంగా ఎక్కడ ఆనితే అక్కడ గుర్తు పెట్టండి. తువ్వాలు ఆరేసే కడ్డీ మనిషి బరువు మోయదు. దానికీ దీనికీ తేడా ఉంది. తేలికపాటి సిమెంటు బ్లాకుల గోడ అయితే కడ్డీ బిగించే చోట ముందుగానే కాంక్రీటు దిమ్మె పెట్టించాలి.

బాత్రూం తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల ఎవరైనా తలుపుకు అడ్డంగా పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపును నెట్టలేం. గడియ బయటి నుంచి కూడా తీయగలిగేది పెట్టండి. గడప ఎత్తు తగ్గించండి. రాత్రిపూట దారి కనిపించేలా ఓ చిన్న బల్బు చాలు.

గీజర్ విషయంలో మళ్లీ నీటి రిపోర్టు తీయండి. కఠిన జలం అయితే లోపలి కాయిల్ మీద సున్నం పొర పట్టి కరెంటు బిల్లు పెరుగుతుంది, ట్యాంకు తినేస్తుంది. కఠిన జలానికి తయారైన ట్యాంకు, మార్చగలిగే యానోడ్ కడ్డీ ఉన్నది అడగండి. సన్నటి రంధ్రాల షవర్లు, సెన్సర్ కుళాయిలు కూడా ఈ నీటికి త్వరగా మూసుకుపోతాయి. చేత్తో రుద్దితే సున్నం రాలిపోయే రబ్బరు రంధ్రాల షవర్ నయం. 60 డిగ్రీల నీరు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాల్చేస్తుంది. పిల్లలు, వృద్ధులు ఉన్న ఇంట్లో చల్లనీటిని తనే కలిపి ఇచ్చే మిక్సర్ ఉంటే మంచిది. ఎర్తింగ్‌తో పాటు 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. గ్యాస్ గీజర్‌ను బాత్రూం లోపల పెట్టొద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. ప్రాణం పోయేదాకా తెలియదు.

వంటగది: పొగ, రాయి, చెక్క

చిమ్నీలు రెండు రకాలు. పొగను పైపు ద్వారా ఇంటి బయటికి పంపేవి, ఫిల్టర్‌తో వడగట్టి మళ్లీ వంటగదిలోకే వదిలేవి. రోజూ తాలింపులు, వేపుళ్లు చేసే ఇంటికి మొదటిదే సరైనది. పైపుకు మలుపులు తక్కువగా ఉండాలి. దానికి రంధ్రం గోడ కట్టేటప్పుడే వదిలేయండి. చిమ్నీ ఉంది కదా అని కిటికీ ఎత్తేయొద్దు. వంటగ్యాస్ గాలి కన్నా బరువైనది, లీకైతే కిందికి దిగుతుంది. కాబట్టి గ్యాస్ అలారం, సిలిండరు అరకు గాలి రంధ్రం రెండూ నేలకు దగ్గరగా ఉండాలి. కప్పు దగ్గర పెడితే ప్రయోజనం లేదు.

వంటగట్టుకు ఇప్పుడు క్వార్ట్జ్ పలకలు బాగా అమ్ముతున్నారు. వాడేవారికి వాటితో ఇబ్బంది లేదు. కోసేవారికే ముప్పు. వీటిలో సిలికా 90 శాతం వరకు ఉంటుంది. పొడిగా కోస్తే లేచే సన్నటి దుమ్ము ఊపిరితిత్తులను గట్టిపరిచి సిలికోసిస్ తెస్తుంది. ఈ కారణంతోనే ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఇలాంటి కృత్రిమ రాయిని నిషేధించింది. మన ప్రాంతంలోనే దొరికే చీమకుర్తి నల్లరాయి ఉండగా దీని అవసరం ఎంత అన్నది ఆలోచించుకోవాలి. రాయి ఏదైనా నీళ్లు పోస్తూ, ఇంటి బయట, మాస్కు పెట్టుకుని కోయమనండి. పలకల పని తెలిసిన మార్కాపురం ప్రాంతానికి రాతి దుమ్ము సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు.

మాడ్యులర్ కిచెన్ కొత్తల్లో కళ్లు మండించే వాసన వస్తే అది చెక్క జిగురులోని ఫార్మాల్డిహైడ్ కావచ్చు. దాన్ని క్యాన్సర్ కారకంగా గుర్తించారు. బోర్డు మీద ఈ0 లేదా ఈ1 గుర్తు ఉందేమో చూడండి. గృహప్రవేశానికి ముందు కొన్ని వారాలు తలుపులు, కిటికీలు తెరిచి ఉంచండి. పీవీసీ పైపుల్లో సీసం వాడకాన్ని తొలగించడానికి 2021లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. పైపు మీద ఐఎస్‌ఐ గుర్తు ఉన్నదే తీసుకోండి. పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదని కూడా నిబంధన ఉంది. డబ్బా మీద చదవండి.

కొనేముందు ఒక్కసారి...

* మీ బోరు నీటి రిపోర్టు మీ దగ్గరుందా? ఫ్లోరైడ్, కఠినత్వం, టీడీఎస్, నైట్రేట్... నాలుగూ ఉన్నాయా?
* ఈ మిషన్ ఫ్లోరైడ్‌ను తీస్తుందని కాగితం మీద రాసిస్తారా?
* టీడీఎస్ కంట్రోలర్‌ను మూసేయొచ్చా?
* సర్వీసుకు మనిషి మార్కాపురం నుంచి వస్తాడా, ఒంగోలు నుంచి రావాలా? ఎన్ని రోజులు పడుతుంది?
* టైలు ఆర్ నంబరు ఎంత?
* గోడలో, నేలలో ముందుగా చేయించాల్సిన పనులు ఏమిటి?

ఎగ్జిబిషన్‌లో ‘ఈ రోజు బుక్ చేస్తేనే తగ్గింపు’ అంటారు. కార్డు తీసుకుని ఇంటికి రండి. మేస్త్రిని, ప్లంబర్‌ను, డాక్టరు రాసిన చీటీని అడిగి అప్పుడు నిర్ణయించుకోండి. ఇంటికి బడ్జెట్ వేసుకునేటప్పుడు నీటి పరీక్ష, మంచి ఆర్‌ఓ లేదా వాననీటి సంపు, పెద్దవాళ్లకు తగిన కమోడ్, పట్టుకునే కడ్డీ, ఆర్‌సీసీబీ... ఈ ఐదింటికీ ముందు డబ్బు పక్కన పెట్టండి. మిగిలిన దాంట్లో టచ్ స్క్రీన్ చిమ్నీకి చోటుంటే కొనుక్కోవచ్చు. వానజల్లు షవర్ మరుసటి ఏడాది బిగించుకోవచ్చు. పిల్లవాడి పళ్లు తయారయ్యే వయసు మాత్రం మరుసటి ఏడాది దాకా ఆగదు.